ఫొటోలో వెనకాల ఉన్న చెరువు

మా చిన్నాయన కెమెరా ఆగ్ఫా క్లిక్-త్రీ. బరోడాలో తయారైన నల్లటి డబ్బా. అందులో 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు వస్తాయి, అంతే. లెన్సు దగ్గర ఎండకో గుర్తు, మబ్బుకో గుర్తు. వేగం మార్చుకునే వీలు లేదు, ఎప్పుడు నొక్కినా సెకనులో దాదాపు ముప్పయ్యో వంతే. రీలు తిప్పుతుంటే వెనకనున్న చిన్న ఎర్ర కిటికీలో అంకె మెల్లగా జరుగుతూ వచ్చి నడిమిట్ల ఆగాలి. ఆ అంకె చూసి "ఆగు" అని చెప్పడం నా పని. కెమెరాతో నాకున్న హక్కు అంతవరకే.

1980ల మొదట్లో హన్మకొండ కుమార్‌పల్లిలో ఉండేవాళ్ళం. ఆదివారం ఎటన్నా పోదామంటే వెతుక్కునే పని లేదు. వేయి స్తంభాల గుడి, పద్మాక్షి గుట్ట, భద్రకాళి చెరువు నడిచిపోయే దూరం. వడ్డేపల్లి చెరువుకూ, ఖిలా వరంగల్‌కూ అద్దె సైకిలు. కార్తీకంలో నర్సంపేట బస్సెక్కి పాకాల. రెండేళ్ళకోసారి మేడారం జాతర. అన్నిటికీ కెమెరా వెంట వచ్చేది. దాని మీద ఇంట్లో రెండు పక్షాలుండేవి. చిన్నాయనకు పిట్టల్ని, జంతువుల్ని ఫొటో తీయాలని పిచ్చి. మిగతావాళ్ళందరికీ ఎవరి మొహం వాళ్ళకు కావాలి. రీలుకూ, కడిగించడానికీ డబ్బులిచ్చేది మా బాపు కాబట్టి తీర్పు కూడా ఆయనదే. "పన్నెండిట్ల పది మనుషులయి. రెండు నీ పిట్టలయి." దాని మీద అప్పీలు లేదు.

ఆ రెంటి కోసం చిన్నాయన పడే తిప్పలు ఇప్పటి వాళ్ళకు చెబితే నమ్మరు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద సైకిలు పడుకోబెట్టి, తుమ్మ చెట్టు చాటున కూచునేవాడు. నన్ను దగ్గొద్దనేవాడు. చెరువులో సగం మునిగిన కొమ్మల మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటుండేవి. నలుపు తెలుపు లకుముకి పిట్ట గాలిలో ఒకే చోట రెక్కలాడిస్తూ నిలబడి, ఉన్నపళంగా నిటారుగా నీళ్ళల్ల పడేది. సెకనులో ముప్పయ్యో వంతు షట్టరుతో దాన్ని పట్టుకోవడం అయ్యే పని కాదని చిన్నాయనకు తెలుసు. అయినా నొక్కేవాడు.

అసలు చిక్కు వేగం కూడా కాదు, దూరం. తర్వాత్తర్వాత లెక్క వేసి చూశాను. పాలపిట్ట పొడుగు ఒక అడుగుకు కాస్త ఎక్కువ. ముప్పై మీటర్ల అవతల తీగ మీద కూచుంటే క్లిక్-త్రీ నెగెటివ్ మీద అది ఒక మిల్లీమీటరు కూడా పడదు. ఇవాళ కుర్రాళ్ళు మోసుకు తిరిగే 400 మిల్లీమీటర్ల లెన్సుతో అయితే అదే పిట్ట నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది, ఆపైన కంప్యూటర్లో ఎంతైనా పెంచుకోవచ్చు. మాకు నెగెటివ్ ఎంతుంటే ఫొటో అంత. ఆరు సెంటీమీటర్ల చదరంలో ఆకాశం, నీళ్ళు, ఒక చుక్క.

ఒకసారి ఆ చుక్క కూడా దక్కలేదు. చౌరస్తా దగ్గరి స్టూడియోలో కడిగిన ఫొటోలు తెచ్చుకోబోయినప్పుడు అక్కడి పెద్దాయన, "ఏం పిలగా, వట్టి నీళ్ళ ఫొటో తీసిండ్రేంది మీ చిన్నాయన? నెగెటివ్ల చిల్లు పడ్డది, నేనే పెన్సిలు పెట్టి పూడ్చిన" అన్నాడు. చేసిన మేలు చెప్పుకుంటున్నట్టే ఉంది ఆయన మొహం. ఆ చిల్లు చిన్నాయన పొద్దంతా కాపు కాసి పట్టిన కొంగ. చిన్నాయన ఆ మాట విని చాలాసేపు నవ్వాడు. ఆయన మీద కోపం తెచ్చుకోలేదు గానీ, ఆనాటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాడు. ఫొటో చేతికి రాగానే వెనక్కి తిప్పి రాసేవాడు: తారీఖు, చెరువు పేరు, కట్టకు ఏ పక్క, చెట్టేమిటి, దాని మీద ఏముంది. "వడ్డేపల్లి, కట్ట ఎడమ దిక్కు, తుమ్మ మీద నీటికాకులు ఏడు." ఫొటోలో కాకులు కనబడవు. రాతలో ఉంటాయి. "కనబడని పిట్టకు పేరు రాసుడేందిరా" అని బాపు ఎగతాళి చేసేవాడు. నిజం చెప్పాలంటే నాకూ అది చాదస్తమనే అనిపించేది.

క్లిక్-త్రీకి లొంగింది గిజిగాడు ఒక్కటే. పిట్ట కాదు, దాని గూడు. గూడు ఎగిరిపోదు, అదీ సౌలభ్యం. వానకాలంలో ములుగు రోడ్డు వెంట పోతే వ్యవసాయ బావుల మీదికి వంగిన తాటిచెట్లకు గూళ్ళు గుత్తులుగా వేలాడుతుండేవి. అక్కడ కల్లు గీసే తాతకు ఆ పిట్టల సంగతి మా సైన్సు సారు కన్నా ఎక్కువ తెలుసు. మగపిట్ట సగం గూడు అల్లి ఆగి పిలుస్తుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చకపోతే పోతుందనీ, అప్పుడు మగది దాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుందనీ ఆయనే చెప్పాడు. "సగంల ఆగిన గూళ్ళన్ని పెండ్లి తప్పినయే బిడ్డా" అనేవాడు. గూళ్ళు ఎక్కువగా తూర్పు వైపు కమ్మలకే ఎందుకుంటాయని చిన్నాయన అడిగితే, వాన ఏ దిక్కు నుంచి కొడుతుందో చేత్తో చూపించాడు. పడమటి గాలివాన నుంచి గూడు కాపాడుకునే తెలివి అది. పక్షిశాస్త్రం పుస్తకాల్లో అదే సంగతి చదివినప్పుడు నాకు కల్లు లొట్టితో నిలబడ్డ ఆ మనిషే గుర్తొచ్చాడు. వాటి ఫొటోలు బాగా వచ్చాయి. బాపు కూడా ఒకటి అద్దం కట్టించాడు.

ఖిలా వరంగల్ వేరే లోకం. రాతి తోరణాల నడుమ కూలిన గుడి రాళ్ళు, చుట్టూ మట్టికోట, లోపల మామూలుగా సాగిపోతున్న ఊరు, పొలాలు. పొద్దుగూకే వేళకు చిలుకలు గుంపులుగా అరుచుకుంటూ వచ్చి రాళ్ళ సందుల్లో దూరేవి. తోరణాల పైన చెక్కిన హంసల్ని చూపించి చిన్నాయన, "తియ్యరా వీటిని, ఇవైతే ఎగిరిపోవు" అని కెమెరా నా చేతికిచ్చాడు. నేను తీసిన మొదటి ఫొటో అదే. బాపు లెక్కలో అది మనుషుల్లోకి రాదు, పిట్టల్లోకీ రాదని చిన్నాయన వాదించి మినహాయింపు సాధించాడు. ఇప్పుడు ఆ తోరణం తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉంది. ఆఫీసు కాగితాల మీద దాన్ని చూసినప్పుడు నా కళ్ళు హంసల్నే వెతుకుతాయి.

పాకాల గురించి ఎక్కువే చెప్పాలి. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213లో కట్టిన చెరువు. ఎనిమిది వందల ఏళ్ళుగా గుట్టల నడుమ నీళ్ళను ఆపి పొలాలకు అందిస్తున్నది, మిగిలింది వాగై పోయి మున్నేరవుతున్నది. దాని చుట్టూ ఉన్న అడవిని 1952లో అభయారణ్యం చేశారు, 860 చదరపు కిలోమీటర్లు. అదే ఏడు ఏటూరునాగారం కూడా, 800 చదరపు కిలోమీటర్లు పైచిలుకు. అప్పుడు ఇవన్నీ ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు ఏ చెట్టు ఏ జిల్లాలో ఉందో చెప్పడానికి కలెక్టరేటుకు పోవాలి.

పాకాలలో నాకు చిన్నప్పుడే తట్టిన ముచ్చట ఒకటుంది. అడవి ముందు, చెరువు తర్వాత అని అందరూ అనుకుంటారు. కానీ దుప్పులకూ, కణుజులకూ, మనుబోతులకూ ఎండాకాలంలో తాగడానికి నీళ్ళిచ్చేది మనుషులు కట్టిన చెరువే. శీతాకాలంలో బాతులు వచ్చి వాలేదీ దాని మీదే. రామప్ప, లక్నవరం, ఘనపురం అన్నీ అంతే. మా జిల్లాలో అభయారణ్యం అంటే సగం కాకతీయుల పనితనం. వన్యప్రాణుల ఫొటోలు తీసేవాళ్ళు మనిషి చేయి పడని ప్రకృతి అని రాసుకుంటుంటారు గదా, పాకాల కట్ట మీద నిలబడి ఆ మాట అనడానికి నోరు రాదు.

కార్తీక వనభోజనాలకు బాపు పనిచేసే బడి సార్లందరి కుటుంబాలతో పోయేవాళ్ళం. ఉసిరి చెట్టు కింద మోదుగాకు విస్తర్లు, పులిహోర, పప్పుచారు, వంకాయ కూర. ఆడవాళ్ళు వంటకు దిగగానే చిన్నాయన కట్ట చివరికి నడిచేవాడు, నేను వెనకాల. అడవి గార్డు ఒకాయన మాతో వచ్చేవాడు. ఒకనాడు అవతలి ఒడ్డు బురదలో మొద్దు కట్టెలా పడి ఉన్నదాన్ని చూపించి, "గది కట్టె గాదు సార్" అన్నాడు. కాసేపు చూస్తే ఆ కట్టె జరిగి నీళ్ళల్లోకి పోయింది. మొసలి. అప్పటిదాకా చెరువులో కాళ్ళు పెట్టుకుని కూచున్న సార్లు ఎంత తొందరగా గట్టెక్కారో! చిన్నాయన ఫొటో తీశాడు. వచ్చింది: బురద, నీళ్ళు, గీత. వెనక "పాకాల, మొసలి, ఎనిమిది అడుగులుండొచ్చు" అని ఉంది. ఆ రోజు అందరికీ పనికొచ్చిన ఫొటో వేరే. కట్ట మీద వరసగా నిలబెట్టి తీసిన గుంపు ఫొటో. ముందు పిల్లలు, వెనక పెద్దలు, మా అమ్మ ఎండకు కళ్ళు చికిలించి. వాళ్ళ వెనకాల చెరువు, దాని అంచున రెల్లు, రెల్లు దాటి గుట్ట.

ఆర్‌ఈసీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివే మా పక్కింటి అన్న ఒకరోజు సలీం అలీ రాసిన బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్ తెచ్చి చూపించాడు. 1941లో మొదటిసారి అచ్చయిన పుస్తకం. రంగుల బొమ్మలు చూసి చిన్నాయన ముట్టుకోవడానికే జంకాడు. నలుపు తెలుపు రీలులో పాలపిట్ట ఉత్త బూడిద రంగు పిట్ట. రెక్క విప్పితే మెరిసే ఆ నీలం ఆయన ఏ ఫొటోలోనూ లేదు, ఆ పుస్తకంలో ఉంది. ఆ సలీం అలీయే 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ కాలంలో పిట్టను గుర్తించాలంటే తుపాకీతో కొట్టి చేతిలోకి తీసుకుని చూసేవాళ్ళు. చిన్నాయనకు తెలిసి ఉంటే తన డబ్బా కెమెరాను కొంచెం గౌరవంగా చూసుకునేవాడేమో.

పాలపిట్ట మాట వచ్చింది కాబట్టి దసరా సంగతి. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకొచ్చే తొమ్మిది రోజులూ పొలాల వెంట అది కనబడుతూనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. దసరా సాయంత్రం మాత్రం దాన్ని చూడందే ఇంటికి పోరు. ఊరి బయట పంజరాల్లో పట్టుకొచ్చి, చూపించి డబ్బులడిగేవాళ్ళు అప్పుడూ ఉండేవాళ్ళు. ఒకసారి రెక్కలు కత్తిరించిన పిట్టను చేతి మీద పెట్టుకుని ఒకడు మా దగ్గరకొచ్చాడు. చేయి చాపితే అందే దూరం. ఇన్నేళ్ళలో పాలపిట్ట అంత దగ్గరికి రాలేదు, రీలులో ఇంకా ఫొటోలు మిగిలున్నాయి. తియ్యమని నేను గుంజాను. "కట్టేసిన పిట్టకు ఫొటో ఏందిరా" అని చిన్నాయన కెమెరా మూసి కవర్లో పెట్టాడు. అలా పట్టి ఆడించడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఆయనకు చట్టం సంగతి తెలుసో లేదో గానీ ఆ పద్ధతి మాత్రం కడదాకా తప్పలేదు. హంటర్ రోడ్డులో వన విజ్ఞాన కేంద్రం పెట్టాక నా పోరు పడలేక దుప్పుల్ని ఒక ఫొటో తీశాడు. అందులో దుప్పి నిండుగా ఉంది, ముందు జాలీ కూడా నిండుగా ఉంది. దాని వెనక మాత్రం ఏమీ రాయలేదు.

మేడారం దారి పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం అభయారణ్యం లోపలికే పోతుంది. జాతర బస్సులో కిటికీ పక్క సీటు కోసం నేను ఏడ్చేవాణ్ణి, పులి కనబడుతుందని. కనబడేవి కొండముచ్చులు, దుమ్ము, బెల్లం బుట్టలు. అన్ని లక్షల మంది నడుస్తుంటే ఏ జంతువు దారి దగ్గరకొస్తుంది! కానీ తాడ్వాయి దగ్గర బస్సు ఆగినప్పుడు రోడ్డు పక్క తీసిన ఫొటో ఒకటుంది. నాయనమ్మ బంగారం (మేడారంలో బెల్లాన్ని అలాగే అంటారు) ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆమె వెనకాల చెట్ల మొదళ్ళు, పైకొమ్మలు ఫొటోలో ఇమడనంత పొడుగు.

1980ల చివరికి వచ్చేసరికి ఆ అడవికి కెమెరా తీసుకుపోవడం ఆగిపోయింది. పీపుల్స్‌వార్ దళాలు, పోలీసు గాలింపులు, ఎన్‌కౌంటర్లు. అడవిలో కెమెరా పట్టుకున్న మనిషిని ఇద్దరూ అనుమానిస్తారు. ఒకసారి చిన్నాయనను దారిలో ఆపి, "ఎవరి కోసం తీస్తున్నవ్?" అని అడిగారు. పిట్టల కోసం అంటే వాళ్ళు నమ్మలేదు. రీలు గుంజి ఎండకు పారేశారు. ఇంకేమీ చేయలేదు, అదే పదివేలనుకోవాలి. ఆ తర్వాత ఆయన ములుగు దాటి కెమెరా తీసుకుపోలేదు. మా ఇంట్లోనే కాదు, తెలిసినవాళ్ళ ఇళ్ళలోనూ ఆ ఏళ్ళ ఏటూరునాగారం అడవి ఫొటోలు నాకు దొరకలేదు. ఆ కాలం గురించి పాటలున్నాయి, కథలున్నాయి, కేసు ఫైళ్ళున్నాయి. చెట్టు మీద ఏ పిట్ట ఉందో రాసిన కాగితం లేదు.

రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమానవుల రాతి చిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. అడవిదున్న, జింక, పులి, చిరుత. ఎర్రమట్టితో బండ మీద. అవి చూసొచ్చాక చిన్నాయన అన్న మాట: "వీళ్ళకు గూడ దగ్గరికి పోయి చూసే వీలున్నట్టున్నది. మనకే లేకపాయె."

ఇప్పుడు ఆయన లేడు, క్లిక్-త్రీ మా ఇంట్లో ఉంది, దానికి రీలు దొరకడమే కష్టం. మొన్నీమధ్య ఫొటోలన్నీ ముందేసుకుని చూశాను. ఆయన తన వంతు రెంటిలో తీసిన పిట్టలు చుక్కలుగానే ఉన్నాయి. బాపు లాక్కున్న పదింటిలో మాత్రం ఎంతో ఉంది. భద్రకాళి కట్ట మీద మా అత్తమ్మల వెనకాల నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో ఉంది, అవతలి ఒడ్డున ఇళ్ళు లేకపోవడం ఉంది. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మల వెనకాల తామరాకులున్నాయి. 2024 నవంబరులో భద్రకాళి చెరువు నీళ్ళు వదిలేసి పూడికతీతకు దిగినప్పుడు, అసలు ఒడ్డు ఎక్కడిదాకా ఉండేదని ఊళ్ళో ఒకటే మాట. నా చేతిలో అత్తమ్మల ఫొటో ఉంది. అదే ఏడు ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం నడుమ సుడిగాలి లాంటి పెనుగాలికి వేల చెట్లు వేళ్ళతో సహా కూలిపోయాయి. నాయనమ్మ వెనకాల నిలబడ్డ చెట్లు ఆ వేలల్లో ఉన్నాయో లేవో చెప్పడానికి ఫొటో వెనక ఆయన రాసిన తారీఖు, మైలురాయి అంకె ఉన్నాయి కాబట్టి, కనీసం వెతకడానికి ఒక చోటుంది.

మనుషుల కోసం తీసిన ఫొటోలే అడవికీ చెరువుకూ లెక్కపత్రం అయ్యాయి. అయ్యేలా చేసింది వెనకనున్న రాత. రాత లేని ఫొటోలు కూడా మా పెట్టెలో కొన్నున్నాయి. ఏదో చెరువు, ఎవరో చుట్టాలు. అవి ఎందుకూ పనికిరావు.

ఇప్పుడు ఫొటోలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, కాదనను. లకుముకి ముక్కున చేప, చేప మీది పొలుసు కూడా లెక్కపెట్టొచ్చు. కానీ వెనకంతా మసక. ఏ చెరువో తెలియదు, ఒడ్డున చెట్టుందో అపార్ట్‌మెంటుందో తెలియదు. ఫొటో కోసం ఎర వేసి పిలవడం, గూటి చుట్టూ పదిమంది మూగడం కూడా చూస్తున్నాను. దసరా పంజరానికీ దానికీ నాకు పెద్ద తేడా కనబడదు.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. ఒకచోట పదిహేను నిమిషాలు నిలబడి, కనబడ్డ పిట్టల్ని లెక్కగట్టి ఈ-బర్డ్‌లో నమోదు చేయడమే పని. ఈసారి దానికి పాకాల దాకా పోనక్కర్లేదు, మీ ఇంటికి దగ్గరి చెరువు చాలు. పెద్ద లెన్సు లేదని ఆగకండి. మీ వాళ్ళను కట్ట మీద నిలబెట్టి, వెనకాల చెరువంతా పడేట్టు ఒక ఫొటో తీయండి. చెరువు పేరు, తారీఖు, ఆ పొద్దు అక్కడున్న పిట్టల పేర్లు రాసి పెట్టండి. పిట్టలు ఫొటోలో కనబడకపోయినా సరే, రాయండి.